మొండిఘటం పాత స్వెట్టరు

అమ్మానాన్నలు ఆవిడకి ఓ చక్కని పేరే పెట్టారు. ఆ పేరుతో పిలిచేవాళ్లు మాత్రం బ్యాంకులో తప్ప ఇంకెక్కడా లేరు. ఇంట్లో, వీధిలో, బడిలో, ఆ తర్వాత జీవితమంతా పనిచేసిన పరిశోధన సంస్థలో ఆవిడ అందరికీ మొండిఘటమే. మొదట ఆ మాట అన్నది కన్నతండ్రి.

ఆయన గొడుగులు బాగుచేసేవాడు. ఇంటి ముందు గదే దుకాణం. వంగిన ఊచలు, చిరిగిన గుడ్డలు, తుప్పుపట్టిన పిడులు నేలంతా పడి ఉండేవి. వాటి మధ్య కూర్చుని కూతురు ఒక రోజు ఎవరిదో కొత్త గొడుగు పూర్తిగా విప్పేసింది.

"ఏమే, బాగున్నదాన్ని ఎందుకు విప్పావే?" అని తండ్రి నెత్తి కొట్టుకున్నాడు.

"ఎలా తెరుచుకుంటుందో చూద్దామని."

"మీట నొక్కితే తెరుచుకుంటుంది. అది చాలదూ?"

"చాలదు."

మళ్లీ బిగించేదాకా అన్నానికి లేవలేదు. తల్లి పిలిచి పిలిచి విసిగిపోయింది. ఏ ఊచ ఎక్కడ వంగుతుందో, ఏ స్ప్రింగు దేన్ని తోస్తుందో పట్టుకుని, గొడుగు టప్పున తెరిచి, అప్పుడు లేచింది. "ఇది పిల్ల కాదు రా బాబూ, మొండిఘటం" అన్నాడు తండ్రి. కోపంగా అన్నాడో మురిపెంగా అన్నాడో ఆయనకే తెలియాలి. పేరు మాత్రం అతుక్కుపోయింది.

పెద్దయ్యాక కూడా ఆవిడ చేసింది అదే పని. గొడుగులు కాకపోతే ప్రోటీన్లు, అంతే తేడా. మన ఒంట్లోనూ, మనల్ని పీడించే క్రిముల్లోనూ పనులన్నీ చేసేవి ప్రోటీన్లే. ఒక్కోదానికీ ఒక్కో ఆకారం. ఆ ఆకారం తెలిస్తే గానీ అది ఎలా పనిచేస్తుందో, దాన్ని ఎక్కడ ఆపాలో తెలియదు. కంటికి ఆనవు కాబట్టి వాటిని ముందు క్రిస్టల్‌గా, అంటే ఉప్పుకల్లులాంటి స్ఫటికంగా పేర్చాలి. దాని గుండా ఎక్స్-రేలు పంపితే చుక్కల బొమ్మ వస్తుంది. ఆ చుక్కలతో లెక్క కడితే ఆకారం తేలుతుంది. చెప్పడానికి ఇంతే. ఆ క్రిస్టల్ రావడానికే మనుషులకి తల ప్రాణం తోకకొస్తుంది.

ఆవిడ ఎంచుకున్న ప్రోటీన్ మరీ పెంకిది. పిల్లల ఊపిరితిత్తుల్లో చేరే ఒక క్రిమి తన చుట్టూ గోడ కట్టుకుంటుంది. మందులు ఆ గోడ దాటలేవు. ఆ గోడ కట్టే ప్రోటీన్‌కి ల్యాబులో అందరూ మేస్త్రీ అని పేరు పెట్టారు.

"దాని జోలికి పోకమ్మా" అన్నారు గురువుగారు. "నా కళ్ల ముందే ఎంతమంది చేతులు కాల్చుకున్నారో. అది క్రిస్టల్ అవదు. హాయిగా తేలికైనది ఏదన్నా చేసుకో."

"మేస్త్రీనే చేస్తానండీ."

"ఎందుకూ?"

"అవదన్నారుగా, అందుకు."

ఏళ్లు గడిచాయి. ప్లాస్టిక్ పళ్లెంలో చిన్న చిన్న గుంటలు. గుంటకో చుక్క, పైన గాజు మూత. మూసి పక్కన పెట్టడం, కొన్నాళ్లాగి మైక్రోస్కోపులో చూడడం. కొన్ని చుక్కలు విరిగిన పాలలా గడ్డకట్టేవి. తక్కినవి పెట్టింది పెట్టినట్టే తేటగా ఉండేవి. తోటివాళ్లకి పెద్ద పదవులొచ్చాయి. చుట్టాలు పెళ్లిళ్లలో కనబడి "ఇంకా ఆ చుక్కలేనా?" అని జాలిపడేవారు. "ఇంకా ఆ చుక్కలే" అని ఆవిడ తల ఎగరేసేది.

ఈ మధ్యలోనే పెళ్లి అయింది. భర్త బడిలో డ్రాయింగు మాస్టారు, మాట తక్కువ మనిషి. ఆ లోటు అత్తగారు తీర్చేది. కోడలు ఫ్రిజ్జు లోపలిలాంటి చల్లగదిలో గంటలకొద్దీ నిలబడుతుందని విని ఆవిడ తల్లడిల్లిపోయింది. అల్లిక చేతగాకపోయినా కూర్చుని ఒక స్వెట్టరు అల్లింది. నారింజ రంగు. కుడి చెయ్యి ఎడమ చెయ్యికంటే జానెడు పొడుగు. "అది నీ చెయ్యి తప్పు, నా అల్లిక తప్పు కాదు" అని దబాయించింది కూడా.

మొండిఘటం ఆ స్వెట్టరునే ఏళ్ల తరబడి వేసుకుంది. పొడుగు చెయ్యిని మడిచేది. అది జారి వేళ్ల మీదకొస్తే దాంతోనే బల్ల మీద ఒలికిన చుక్కల్ని తుడిచేసేది, పళ్లేల అంచులు ఒత్తేది. ఉతకమంటే కుంచించుకుపోతుందని వంక పెట్టేది. అసలు సంగతి బద్ధకం.

ఒక పొద్దున, ఎప్పుడో పెట్టి మరిచిపోయిన పళ్లెంలో, ఒక మూల గుంటలో కనబడింది. ఇసుకరేణువంత కూడా లేదు. అంచులు మాత్రం చెక్కినట్టున్నాయి. ఆవిడ వేసిన కేకకి పక్క గదిలోవాళ్లు ఏదో పేలిందనుకుని బయటికి పరుగెత్తారు.

ఆ తర్వాత ఇక చూడాలి. ఏ పళ్లెం పెట్టినా క్రిస్టళ్లే. "చెయ్యి కుదిరింది" అని అందరూ అన్నారు, ఆవిడా నమ్మింది. ఎక్స్-రే బొమ్మలు తీసింది, లెక్కలు కట్టింది, మేస్త్రీ ఆకారం తేలింది. ఉప్పెంత, నీళ్లెంత, చల్లదనమెంత అన్నీ వివరంగా రాసి అచ్చువేయించింది. డ్రాయింగు మాస్టారు ఇంటి గోడ నిండా ఆ ఆకారాన్ని రంగు సుద్దలతో గీశాడు. అత్తగారు వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించి "మా కోడలు కనిపెట్టిన పురుగు" అని చెప్పుకునేది. పురుగు కాదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

అప్పుడు దిగాడు మీసాలాయన.

ఈ విద్యలో ఆయన మాటకి తిరుగులేదు. తల మీద వెంట్రుక లేదు గానీ, ఆ లోటంతా మీసం తీర్చింది. ఎప్పుడూ దాన్ని మెలేస్తూనే మాట్లాడేవాడు. ఆవిడ రాసిన పద్ధతి ప్రకారం తన ల్యాబులో చేయించాడు. రాలేదు. ఇంకో రెండు ల్యాబులకి చెప్పి చేయించాడు. అక్కడా రాలేదు. ఒక పెద్ద సభలో వేదికెక్కి ఆ మాటే అన్నాడు.

"వంటల పుస్తకం చూసి ముగ్గురు వండితే ముగ్గురికీ కుదరలేదు. అంటే ఏమిటి? రాసినావిడ అబద్ధమన్నా చెప్పి ఉండాలి, తను వండిన కూరేమిటో తనకే తెలియకన్నా ఉండాలి."

హాలంతా ఘొల్లున నవ్వింది. మూడో వరసలో కూర్చున్న మొండిఘటం లేచి నిలబడింది.

"ముగ్గురికీ వంట రాదేమో. అదీ ఆలోచించండి."

ఈసారి ఎవ్వరూ నవ్వలేదు. నవ్వాలో వద్దో తెలియక అందరూ మీసాలాయన వైపు చూశారు. ఆయన మీసం మీద చెయ్యి అలాగే ఆగిపోయింది.

ఆ సాహసానికి ఫలితం వెంటనే దక్కింది. సంస్థ డైరెక్టరు గదికి పిలిపించి, తలుపు దగ్గరగా వేయించాడు.

"ఆ వ్యాసం వెనక్కి తీసుకో అమ్మా. పొరపాటు జరిగిందని రెండు ముక్కలు రాసిస్తే గొడవ సద్దుమణుగుతుంది."

"పొరపాటు జరగలేదు సార్."

"జరిగిందని నేనన్నానా? జరిగిందని రాయమంటున్నాను."

"జరగనిది జరిగిందని రాస్తే అదే నా మొదటి అబద్ధమవుతుంది. రాయను."

డైరెక్టరు నిట్టూర్చి ఇంకో దారి చెప్పాడు. అది మీసాలాయన పెట్టిన పందెం. ఆవిడే ఆయన ల్యాబుకి రావాలి. వాళ్ల ప్రోటీన్, వాళ్ల నీళ్లు, వాళ్ల పళ్లేలు. చేతులు మాత్రం ఆవిడవి. క్రిస్టల్ వస్తే ఆయన అదే వేదికెక్కి తన మాట వెనక్కి తీసుకుంటాడు. రాకపోతే ఆవిడ వ్యాసం వెనక్కి తీసుకుని, ఇక్కడ ల్యాబు గది కూడా ఖాళీ చెయ్యాలి.

"వస్తున్నానని చెప్పండి" అంది ఆవిడ. తన చేతుల మీద అంత నమ్మకం మరి.

ప్రయాణం పొద్దున మంచం మీద స్వెట్టరు మడతపెట్టి ఉంది. గుప్పుమని సబ్బు వాసన. మాసి మాసి ఇటుక రంగుకి తిరిగింది, ఉతికితే మళ్లీ నారింజ రంగుకొచ్చింది. అత్తగారు గుమ్మంలో నిలబడి మెప్పుకోసం చూస్తోంది.

"పెద్దవాళ్ల మధ్యకి ఆ గోనెసంచి వేసుకెళ్తావా? నిన్న పట్టుబట్టి ఉతికాను. ఎలా ఉందో చూడు!"

"కొత్తదాన్లా ఉంది అత్తయ్యా" అని మొండిఘటం తొడుక్కుని, ముసలావిడ బుగ్గ పుణికి బయల్దేరింది.

మీసాలాయన చల్లగది అద్దంలా ఉంది. ఆవిడ వాళ్ల కళ్లముందే ఒక్కో గుంటలో చుక్కలు పెట్టింది. వేలు వణకలేదు, కొలత తప్పలేదు. ఆయన శిష్యులు కూడా గుసగుసగా మెచ్చుకున్నారు. మూతలేసి, అతిథిగృహంలో ఉండి, రోజూ వెళ్లి చూసింది. ఆవిడ ల్యాబులో అయితే మర్నాటికే వచ్చేవి. ఇక్కడ చుక్కలు తేటగా, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాయి. మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే. ఇక పెట్టడానికి వాళ్ల ప్రోటీన్ కూడా అయిపోయింది.

మీసాలాయన పక్కకొచ్చి మైక్రోస్కోపులో తొంగి చూశాడు.

"పాపం" అన్నాడు.

వెక్కిరించినా ఓర్చుకునేదేమో. ఆ 'పాపం'కి ఆవిడకి ఒళ్లంతా మండిపోయింది. తిరుగు ప్రయాణమంతా కిటికీకి తలానించి, ఎవరికీ కనబడకుండా ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టుకుంది, ఏడుస్తున్నందుకు.

డైరెక్టరు కాగితం సిద్ధంగా పెట్టుకున్నాడు. సంతకం ఒక్కటే తరువాయి.

"చెయ్యను సార్."

"అదేమిటమ్మా! ఓడిపోతే తీసుకుంటానని ఒప్పుకున్నావా లేదా?"

"ఒప్పుకున్నాను. ఇప్పుడు మాట తప్పుతున్నాను. మొండిఘటం మాట మీద నిలబడలేదని నలుగురికీ చెప్పండి, పడతాను. గది తీసుకుంటే తీసుకోండి. కానీ నేను చూసిన క్రిస్టల్‌ని చూడలేదని మాత్రం నా చేత్తో రాయను."

"నెలాఖరుకి గది ఖాళీ చెయ్యి" అన్నాడు డైరెక్టరు. ఆయన సహనం కూడా అయిపోయింది.

ఆవిడ తిన్నగా తన ల్యాబుకెళ్లి ఒక పళ్లెం పెట్టింది. మర్నాడు పొద్దున చూస్తే గుంట గుంటలోనూ క్రిస్టళ్లు కళకళలాడుతున్నాయి. సంతోషించాలో గోడకి తల బాదుకోవాలో అర్థం కాలేదు. అవే చేతులు, అదే కొలత. ఇక్కడ ఉన్నదేమిటి, అక్కడ లేనిదేమిటి? నీళ్లు మార్చి చూసింది. కొత్త ఉప్పు తెప్పించింది. పళ్లేలు మార్చింది. ఏం మార్చినా ఇక్కడ వస్తూనే ఉన్నాయి. ఇంట్లో అన్నం ముందు కూర్చుని గోడ మీది బొమ్మ వైపే చూస్తూ ఉండిపోయేది.

అలా కూర్చున్న ఒక సాయంత్రం అత్తగారు పలకరించింది. ఏదో ఒకటి మాట్లాడి కోడల్ని మళ్లించాలని ఆవిడ తాపత్రయం.

"ఆ స్వెట్టరు మళ్లీ మాపేశావా? ఈసారి నావల్ల కాదమ్మాయ్. ఆ పొడుగు చెయ్యి ఎంత అట్టకట్టిందనుకున్నావు! ఎండిన గంజిలా గరగరలాడింది. బండకేసి బాదితే గానీ వదల్లేదు."

మొండిఘటం చేతిలో ముద్ద కంచంలో పడింది.

"గరగరలాడిందా? ఏ చెయ్యి?"

"పొడుగుదే. ఏం?"

"అత్తయ్యా... అది మురికి కాదు. మేస్త్రీ."

ముసలావిడకి ఏమీ అర్థం కాలేదు. కోడలు కుర్చీలోంచి లేచి గదంతా తిరుగుతూ ఆవిడకి అర్థమయ్యేట్టు చెప్పింది. బస్సు కోసం జనం తలోచోటా నిలబడతారు. ఎవరో ఒకరు ముందుకెళ్లి నిలబడితే, అతని వెనక వరస దానంతటదే కడుతుంది. ఆ మొదటివాడే దొరకడు. మేస్త్రీకి ఏళ్ల తరబడి దొరకనిది ఆ మొదటివాడే. ఒకసారి, ఎలాగో, దొరికాడు. ఆ క్రిస్టల్ ఎండి పొడై స్వెట్టరు చేతికంటింది, బల్లకంటింది, గదంతా ఎగిరింది. అప్పట్నించీ కంటికి కనబడని ఆ రేణువు చుక్కలో పడడం, దాని వెనక మిగతావి వరస కట్టడం. మీసాలాయన గదిలో ఆ దుమ్ము లేదు. ఆవిడ మోసుకెళ్లాల్సిన దుమ్మేమో బండకేసి బాదిన నీళ్లతో కాలవలో కలిసిపోయింది.

అత్తగారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అయ్యో, నేను ఉతకబట్టి ఓడిపోయావా తల్లీ!"

"మీరు ఉతకకపోతే గెలిచేదాన్ని. ఎందుకు గెలిచానో తెలియని గాడిదలా ఊరంతా ఊరేగేదాన్ని. ఊరుకోండి, ఏడవకండి."

అంది గానీ, ఆవిడకీ లోపల చురుక్కుమంది. చెయ్యి కుదిరిందని ఇన్నాళ్లూ విర్రవీగింది. కుదిరింది చెయ్యి కాదు, చేతికంటిన దుమ్ము. తను అచ్చువేయించిన పద్ధతిలో ఆ దుమ్ము ఊసే లేదు. అంటే వాళ్లకి రాకపోవడం న్యాయమే. వంట రాదేమోనని అంత సభలో వెటకారం చేసింది. పుస్తకంలోనే ఒక దినుసు లేదు.

అంతా విన్న డ్రాయింగు మాస్టారు మెల్లిగా నోరు విప్పాడు. "ల్యాబులో ఉతకని కోటు ఇంకోటి ఉందిగా. అది వేసుకుని వెళ్లి చేసేస్తే సరి."

"సరి కాదు. నేను వెళ్తేనే వచ్చేదాన్ని గారడీ అంటారు. నేను ముట్టుకోకుండా రావాలి. ఆయన చేతుల్లో రావాలి."

మర్నాడే మీసాలాయనకి ఫోను చేసింది.

"మళ్లీ వస్తున్నానండీ."

"ఎందుకమ్మా, అయిపోయిందిగా?"

"మీ చేత వండించడానికి."

ఒప్పుకున్నాడు. పెద్దమనిషి కాబట్టో, ఆవిడ ఇంకోసారి ఓడిపోతే చూడాలనో, ఏదైతేనేం. ఈసారి ఆవిడ ఒక క్రిస్టల్‌ని నలిపి, చుక్క ఉప్పునీళ్లలో కలిపి, బిగించిన చిన్న సీసా తెచ్చింది. సీసా బల్ల మీద పెట్టి, తను బయటికొచ్చి అద్దాల తలుపు అవతల చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. లోపల మీసాలాయన, చుట్టూ ఆయన శిష్యులు.

"సగం గుంటలు నేను రాసినట్టే పెట్టండి" అని తలుపు బయటినుంచి గట్టిగా చెప్పింది. "మిగతా సగంలో, సీసాలో ముంచిన వెంట్రుకతో చుక్క మధ్య ఒక్క గీత గీయండి. చాలు."

"వెంట్రుకా?"

"నాది వద్దు. మళ్లీ మాయ చేశానంటారు. మీదే పీకండి."

శిష్యులందరూ ఆయన తల వైపు చూశారు. నున్నటి ఆ తల మీద లైటు మెరుస్తోంది. చూసినవాళ్లు చూసినట్టే కళ్లు దించుకున్నారు.

"మీసంలోది అయితే ఇంకా మంచిది. బిరుసుగా ఉంటుంది" అంది ఆవిడ, మొహంలో ఏ భావమూ లేకుండా.

పాపం, పీకాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి కూడా. సీసాలో ముంచి, ఎంతైనా అనుభవమున్న చెయ్యి, ఒక్కో చుక్కలో ఒక్కో గీత చక్కగా గీశాడు. పక్క గుంటల్ని వట్టివిగా వదిలేసి మూతలేశాడు.

మర్నాడు పొద్దున ఆయనే ముందు చూశాడు. చాలాసేపు తల ఎత్తలేదు. మొండిఘటం అవతలినుంచి అద్దానికి ముక్కు ఆనించి చూస్తోంది. చివరికి ఆయన లేచి తలుపు తీసి, రమ్మని చెయ్యూపాడు. ఆవిడ వంగి చూసింది. వట్టి చుక్కలు తేటగా ఉన్నాయి. గీసిన చుక్కల్లో మాత్రం, వెంట్రుక ఎక్కడ నడిచిందో సరిగ్గా అక్కడే, కుట్టు వేసినట్టు వరసగా క్రిస్టళ్లు.

"మీ వంట కుదిరింది" అంది. "పుస్తకంలో దినుసు వదిలేసింది మాత్రం నేనే. వంట రాదేమోనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. వ్యాసం తీసుకోను."

మీసాలాయన అలవాటు కొద్దీ మీసం మెలేశాడు. సీసా పట్టుకున్న చెయ్యి అది. ఆవిడ చూసింది గానీ అప్పటికి ఊరుకుంది.

తర్వాతి సభలో ఆయన వేదికెక్కి తన మాట వెనక్కి తీసుకున్నాడు. ఒకే ఒక్క వాక్యం, అదీ గొణుగుతూ. ఆవిడ ఆ దినుసు కలిపి వ్యాసానికి సవరణ అచ్చువేయించింది. డైరెక్టరు గది ఖాళీ చెయ్యమన్న సంగతే మరిచిపోయాడు. ఆవిడ మాత్రం మరవలేదు. 'ఈ గది ఊడ్చరాదు' అని భర్త చేత పెద్ద అక్షరాలతో బోర్డు రాయించి, డైరెక్టరు రోజూ నడిచే వైపే తగిలించింది.

కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. మీసాలాయన. గొంతులో కంగారు.

"నమ్ముతావో లేదో అమ్మా. ఇదివరకు రాలేదన్న రెండు ల్యాబులున్నాయే, అక్కడికి చూడ్డానికి వెళ్లాను. సీసా తీసుకెళ్లలేదు. వాళ్ల పళ్లేల పక్కన నిలబడి మాట్లాడానంతే. నేనొచ్చేసిన మర్నాడు రెండుచోట్లా మేస్త్రీ క్రిస్టళ్లు! నేనేమీ చెయ్యలేదంటే ఒక్కడూ నమ్మట్లేదు. దొంగతనంగా ఏదో కలిపి పోయానంటున్నారు. నేను అబద్ధం చెప్తానా?"

మొండిఘటం నవ్వాపుకోవడానికి పొడుగు చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్పరండీ. నాకు తెలుసు. సభ పెట్టించండి, వచ్చి మీ తరఫున సాక్ష్యం చెప్తాను. అప్పటిదాకా ఆ మీసం మాత్రం కడుక్కోకండి."